కూలిన చెట్టు ఎవ్వరిది?

పోలండు దేశపు తూర్పు సరిహద్దున బియావోవియెజా యను మహారణ్యము కలదు. అందు 1974వ సంవత్సరమున ఒక ఓకు వృక్షము కూలిపోయెను. దాని వయస్సు నాలుగువందల యేబది యేండ్లని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ చెట్టునకు జనులు యగియెల్లో రాజు పేరు పెట్టుకొనిరి. 1410లో ట్యూటనిక్ యోధులతో యుద్ధమునకు బోవుటకు ముందు ఆ రాజు దాని నీడను విశ్రమించెనని వారి నమ్మకము. లెక్క చూచినచో రాజు గతించిన తొంబది యేండ్లకు గాని ఆ చెట్టు మొలవలేదు. అయినను జనశ్రుతికి లెక్కలతో నేమి పని? మన సీమలో అట్టి మ్రాను కూలినచో ప్రొద్దు గ్రుంకక ముందే ఱంపములు, బండ్లు, బేరగాండ్రు వచ్చి చేరుదురు. అచ్చట దాని నెవ్వరును ముట్టలేదు. పడినచోటనే యేబదియేండ్లుగా పడియున్నది. బెరడు రాలి, నాచు క్రమ్మి, పుట్టగొడుగులు మొలిచి, మెల్లమెల్లగా మన్నగుచున్నది.

భూవసతి గల మా పాఠకులు కొందఱు ఈ సంగతి చదివి, ఎంత కలప వ్యర్థమైనదని అనుకొనక మానరు. అది కేవలము తప్పుతలంపని మేము వెంటనే కొట్టివేయబోము. కూలిన చెట్టు కలపయా, అడవియా యను నీ చిన్న ప్రశ్నపైననే 2017, 2018 సంవత్సరములలో ఒక స్వతంత్ర ప్రభుత్వము యూరపు న్యాయస్థానమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది. ఆ ప్రశ్న వెనుక ఆఱువందల యేండ్ల కథ యున్నది. రాజులు, జారు చక్రవర్తులు, పరసైన్యములు, కలప కంపెనీలు, మంత్రులు ఒకరి పిమ్మట నొకరు ఆ యడవిని తమదనిరి. అడవి యెవ్వరిది యను తగవు మన మన్యములోను, పలనాటిలోను రక్తము చిందించిన తగవే గనుక, ఆ దూరదేశపు కథను కొంత విపులముగ చెప్పుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

ఐరోపా ఖండపు మైదానముల నొకప్పుడు ఆకురాల్చు మహారణ్యము దట్టముగ ఆవరించియుండెను. ఇప్పుడు ఆ మైదానమున గోధుమచేలు, పట్టణములు, రైలుదారులు, వరుసలు తీర్చి నాటిన కలపతోటలు కనబడును గాని, ఆ ప్రాచీనారణ్యము మాత్రము కనబడదు. నాగలికి పనికివచ్చు నేల గనుకనే అది మొదట నశించినది. కొండలమీది అడవులు కొన్ని మిగిలినవి. మైదానపు టడవి తన పూర్వరూపమునకు దగ్గఱగా ఇంత విస్తారమున మిగిలినది ఈ బియావోవియెజాలోనే. దీని వైశాల్యము సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు. అందు అయిదింట రెండుపాళ్లు పోలండులోను, తక్కినది బెలారుసులోను ఉన్నది. ఓకు, లిండెను, హార్నుబీము, మేపుల్, యాషు, పల్లపు బురదనేలల ఆల్డరు – ఇవి ఆకురాల్చు జాతులు. వానితో కలసి స్ప్రూసు, పైను అను సూదియాకుల చెట్లు పెరుగును. స్ప్రూసులు కొన్ని యేబది మీటర్లకు మించి యెదిగినవి. 1979లో పోలండు భాగమును, 1992లో బెలారుసు భాగమును ప్రపంచ వారసత్వ పట్టికలో జేర్చిరి. 2014లో దాని యెల్లలను విస్తరింపగా, అట్లు గుర్తింపబడిన నేల మన లెక్కలో మూడున్నర లక్షల యెకరములకు వచ్చినది.

ఆకు రాల్చుట మనకు క్రొత్త కాదు. నల్లమలలోని చెట్లును ఆకు రాల్చును. అయితే హేతువు వేఱు. మనకు వానలు వెనుదిరిగిన పిమ్మట నేల యెండును; వేళ్లకు నీరందదు; ఎండకు ఆకులగుండ నీరు ఆవిరియై పోవుచుండును; కావున వృక్షము ఆకులను వదలుకొని ప్రాణము దక్కించుకొనును. బియావోవియెజాలో వర్షము ఏడాది పొడవునను పడును; మొత్తము 600 మిల్లీమీటర్లకు కొంచెము పైన. అది మన కోస్తా వర్షపాతముకంటె తక్కువయే. ఏడాది సగటు ఉష్ణత సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు. శీతకాలమున సుమారు మూడునెలలు నేలను మంచు కప్పియుండును. అడుగున నీరుండును గాని గడ్డకట్టినదై వేళ్లకు దొరకదు; ఉన్న యాకులు చలికి చెడిపోవును. రెండుచోట్లను కఱవు నీటిదే. ఒకచోట నీరు లేదు. వేఱొకచోట ఉన్న నీరు రాయియైనది.

పైగా ఆ చెట్లు ఆకును ఊరక పాఱవేయవు. పగలు కుఱుచయగుట కనిపెట్టి, ఆకులోని పచ్చదనమును విఱుగగొట్టి, నత్రజని మొదలైన సారమును కొమ్మలలోనికిని బోదెలోనికిని లాగుకొనును. కౌలు తీఱుటకు ముందు పొలమునుండి తన పనిముట్లను, పాకను విప్పుకొని మోసికొనిపోవు రైతువలె వ్యవహరించునన్నమాట. పచ్చదనము తీసివేసిన పిమ్మట ఆకులో దాగియుండిన పసుపు బయటపడును. దానినే పాశ్చాత్యకవులు బంగారమని వర్ణింతురు. పిదప కాడమొదట బెండువంటి పొర యొకటి యేర్పడి ఆకును విడదీయును; గాయము ముందే మూయబడియుండును. అక్టోబరు గడచునప్పటికి అడవి మోడులతో నిండును. మనము శిశిరమున చూచునది వారు శరత్తున చూతురు.

ఆ మోడుల క్రిందనే మఱొక విచిత్రము కలదు. ఏప్రిలునెలలో మంచు కరగిన తరువాత, పైకొమ్మలు చిగురింపక ముందు, కొన్ని వారములపాటు ఎండ తిన్నగా నేలమీదికి దిగును. ఆ కొద్ది దినములలోనే చిన్న గడ్డమొక్కలు మొలచి, పూచి, విత్తనము కట్టి, గడ్డలో ఆహారము దాచుకొని అణగిపోవును. తెల్లని ఎనిమోను పూలు నేలంతయు పఱచినట్లుండును. మే నెలలో లిండెను, హార్నుబీము ఆకులు విప్పగనే క్రింద చీకటి క్రమ్మును. అప్పటికి ఆ చిన్నమొక్కల సంవత్సరము ముగిసినట్లే. మన వర్షాధారపు మెట్టరైతునకు ఈ తొందర యేమో చెప్పనక్కఱలేదు. అదను తప్పినచో మఱుసటి యేడు వఱకు నిరీక్షింపవలసినదే.

కాపు విషయమున ఆ చెట్లకొక నియమము కలదు. ఓకులును హార్నుబీములును ఏటేట సమముగ కాయవు. కొన్నియేండ్లు ఊరకుండి, ఒక్కయేడు అన్నియు కలసి విరివిగ కాయును. ఆ యేడు అడవియెలుకలకు పండుగ. మఱుసటి వేసవికి అవి అసంఖ్యాకములగును. వానిని తిను గుడ్లగూబలును, ముంగిసజాతికి బోలిన చిన్న వీజెలులును వెంటనే వృద్ధి పొందును. ఆ పిమ్మటి శీతకాలమున గింజ యుండదు, ఎలుకలు చచ్చును, వేటజంతువులు ఆకలిగొనును. ఇట్లు నాలుగైదు జాతుల భాగ్యము ఒక చెట్టు కాపుపై వ్రేలాడుచున్నది. ఈ క్రమమును బియావోవియెజా గ్రామమందలి శాస్త్రశాలలవారు దశాబ్దములుగ ఎలుకలను లెక్కించి నిర్ధారించిరి. ఎలుకలను లెక్కించుట పెద్ద పని కాదని నవ్వువారుండవచ్చును; ఓపిక లేనివారికి అడవి తన రహస్యము చెప్పదు.

ఇక కూలిన చెట్టు విషయము. కలపదృష్టితో పెంచిన తోటలో మృతవృక్షము దాదాపు కనబడదు. దానిని మేనేజరు అశ్రద్ధకు గుర్తుగా ఎంతురు. బియావోవియెజా నడుమనున్న కఠినరక్షణ ప్రదేశమున హెక్టారునకు నూఱు ఘనపు మీటర్లకు మించి మృతదారువు పడియో నిలిచియో ఉన్నది. చచ్చిన చెట్టును మొదట బెరడుపురుగులు తొలుచును. వాని దారులవెంట బూజులు ప్రవేశించును. బూజుచే మెత్తబడిన కఱ్ఱను వేఱు పురుగులు తినును. ఆ పురుగులకై వడ్రంగిపిట్టలు గంట్లు పెట్టును. విడిచిన తొఱ్ఱలలో చిన్నగుడ్లగూబలును, ఈగపట్టు పిట్టలును, గబ్బిలములును కాపురముండును. కట్టకడపట ఆ మెత్తని బోదెపైననే స్ప్రూసు విత్తనము పడి మొలకెత్తును. నేలమీది గడ్డిపోటీ దానికి అచ్చట లేదు. వరుసగా నిలిచిన ముసలి స్ప్రూసులను చూచి ఎవ్వరో నాటిరని భ్రమపడుదురు. నిజమునకు అవి ఒక తల్లిమ్రాను శవముపై మొలచిన పిల్లలు. ఈ యరణ్యమున పాలిచ్చు జంతువులు 59 జాతులు, పక్షులు 250 జాతులకు పైన, వెన్నెముక లేని ప్రాణులు 12,000 జాతులకు పైన ఉన్నవని ప్రపంచ వారసత్వ పత్రములు చెప్పుచున్నవి. ఆ పండ్రెండువేలలో పెద్దభాగము చెట్టు చావుపై బ్రతుకునవే. చచ్చిన చెట్టును మోసికొనిపోయినచో వీనికి అన్నవస్త్రములును, ఇల్లును ఒక్కసారి తీసివేసినట్లగును.

ఇంతటి యడవి ఎట్లు మిగిలినది? సత్యము చెప్పవలెనన్న, ప్రభువుల వేటసరదాయే దానిని మొదట కాపాడినది. పోలండు లిథువేనియా రాజులు దానిని తమ వేటకు ప్రత్యేకించుకొనిరి. యగియెల్లో యుద్ధమునకు ముందు అచ్చటనే వేటాడించి, మాంసము ఉప్పుపట్టించి, పీపాలలో నదులవెంట సైన్యమునకు పంపెను. 16వ శతాబ్దమున సిగిస్మండు రాజు కాలమున జుబ్రును చంపినవానికి మరణశిక్ష విధించిరి. జుబ్రు అనగా యూరపు బైసను. మన అడవిదున్నకు దూరపు జ్ఞాతి. పెరిగిన మగది ఎనిమిది, తొమ్మిదివందల కిలోల బరువుండును. అడవి కాచుటకు అచ్చటి పల్లెవారినే నియమించి, ప్రతిగా వారికి భూములును పన్ను మినహాయింపులును ఇచ్చిరి. రాజునకు వేట, పల్లెవానికి మేత, తేనె, చేప. ఈ యేర్పాటు ధర్మమని మేమనము. కాని అడవిలో నున్నవానికి అడవి నిలుచుటలో లాభముండెను. తరువాతి ప్రభువులు మఱచినది ఈ యొక్క సూత్రమునే.

1795లో పోలండును మూడు రాజ్యములు పంచుకొని పటమునుండి చెఱిపివేసినప్పుడు బియావోవియెజా రష్యాపాలయ్యెను. కావలివారి పూర్వపు హక్కులు పోయెను. అడవిలో కొంతభాగము దొరతనమునకు నచ్చిన ప్రభుకుటుంబములకు పంచబడెను. జుబ్రులు తగ్గినవని కనిపెట్టి 19వ శతాబ్దారంభమున అలెగ్జాండరు చక్రవర్తి వేటను నిషేధించెను. 1830–31 విప్లవమున అచ్చటి అటవీరక్షకులు దాదాపు అందఱును పరప్రభుత్వముపై ఆయుధము పట్టిరి. ఫలితమేమని చెప్పవలెను? ఉద్యోగములు పోయెను. తుదకు 1888లో ఆ యడవి జారు చక్రవర్తి సొంత ఆస్తిగా మాఱెను. అందొక రాజసౌధము లేచెను. వేట నిమిత్తము లేళ్లను విపరీతముగ పెంపగా అవి లేత మొక్కలన్నిటిని మేసివైచెను. ఒక్క ప్రభువు వినోదమునకై కాచిన యడవికి కూడ ఆ కాపుదలయే రోగమై పరిణమించినది.

1915 ఆగస్టులో జర్మనుసేన వచ్చెను. వేటమోజు పోయి కలపలెక్క ప్రారంభమయ్యెను. ఇరుకు పట్టాల రైలు వేసిరి. ఱంపపు మిల్లులు నెలకొల్పిరి. యుద్ధఖైదీలను కూలికి దింపిరి. మూడేండ్లు నిండక పూర్వమే సుమారు యేబది లక్షల ఘనపు మీటర్ల కలప తరలిపోయెను. రాజులు శతాబ్దములలో నఱకింపనిది శాస్త్రీయపద్ధతి యెఱిగిన అధికారులు మూడేండ్లలో నఱకిరి. ఆకలిగొన్న సైనికులును, తుపాకి దొరకిన దొంగవేటగాండ్రును జుబ్రులను కాల్చితినిరి. యుద్ధమునకు ముందు ఏడువందలకు పైగా నున్న మంద 1919 నాటికి లేదు. కాకససు కొండలలో మిగిలిన తుది మంద 1927 నాటికి నశించెను. భూమిపై స్వేచ్ఛగా తిరుగు జుబ్రు ఒక్కటియు లేకుండెను.

ఇచ్చట పోలండు చేసిన పనిని మేము మనఃపూర్వకముగ ప్రశంసింపవలెను. నూటయిరువది మూడేండ్ల దాస్యము వీడి, ఇంకను సరిహద్దులు కుదుటపడక, ఖజానా శూన్యమై యున్న తరుణమున, ఆ జాతి పండితులు ఒక జంతువునకై ప్రపంచమును వెదకిరి. వ్లాదిస్లావు షాఫెరు మొదలగు వృక్షశాస్త్రజ్ఞులు యుద్ధము ముగిసినంతనే ఆ యడవిని పరీక్షించి అందు నడిమిభాగమును రక్షింపవలెనని చెప్పిరి. యాన్ స్తోల్సుమాన్ 1923లో పారిసు మహాసభలో జుబ్రుల సంగతి లేవనెత్తెను. ఆ యేడే వాని రక్షణకు అంతర్జాతీయ సంఘమేర్పడెను. వెదకి చూడగా జంతుప్రదర్శనశాలలలోను, జమీందారుల ఆవరణములలోను యేబదికి పైచిలుకు మాత్రమే శుద్ధజాతివి కానవచ్చెను. వానిలోను సంతానము నిలిచినవి పండ్రెండు. నేటి జుబ్రులన్నియు ఆ పండ్రెండింటి సంతతియే. మైదానపు శాఖకు మూలపురుషులు మఱియు తక్కువ – ఏడు.

1929లో మొదటి జుబ్రులను బియావోవియెజాకు తెచ్చి కంచెలో నుంచిరి. 1932లో వాని వంశావళీగ్రంథము మొదటిసారి ప్రకటింపబడెను. ఒంగోలు గిత్తను కొనబోవు మన రైతు దాని తల్లిని, తండ్రిని విచారింపక సంచి విప్పడు గదా! జుబ్రు విషయమున ఆ విచారణ వేయిరెట్లు కఠినముగ జరిగినది. ఏ దూడ యెవ్వరి దూడయో వ్రాయబడవలెను. బియావోవియెజాలో పుట్టినవాని పేరులు ‘పో’ యను అక్షరముతో ప్రారంభింపవలెనని నియమము. 1952లో కొన్నిటిని కంచె తెఱచి అడవిలోనికి విడిచిరి. 2003లో ప్రపంచమున స్వేచ్ఛగా తిరుగునవి సుమారు 1,800. 2019 నాటికి 6,200కు మించినవి. 2020 డిసెంబరులో ప్రకృతిరక్షణ అంతర్జాతీయసంఘము జుబ్రును అపాయకరస్థితినుండి ఒక మెట్టు పైకి జరిపెను.

సంతోషింపదగినదే. అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. ఏడింటి సంతతి యగుటచే వానిలో రక్తభేదము చాల తక్కువ. ఒక రోగము వచ్చినచో అన్నిటిని ఒకేరీతిగ పట్టును. నలువదియేడు మందలలో దీర్ఘకాలము స్వయముగ నిలువగలవి ఎనిమిదే యని ఆ సంఘమే చెప్పినది. రెండవది, శీతకాలమున వానికి ఎండుగడ్డి వేసి పోషించుచున్నారు. జుబ్రు అసలు దట్టపు టడవిజంతువు కాదనియు, మైదానపు గడ్డిబీళ్లనుండి మనుష్యుడు తఱుమగా అడవిలో తలదాచుకొన్నదనియు కొందఱు శాస్త్రజ్ఞుల వాదము. దాని పండ్లను, కాళ్లను, మేతను చూచినచో ఈ వాదము నిరాధారము కాదనిపించుచున్నది. అట్లయినచో మనము అడవికి రాజని పొగడుచున్న జంతువు నిజముగ ఒక కాందిశీకుడు.

జుబ్రును రక్షించిన పోలండే అడవిని రక్షింపలేకపోయెను. 1921లో నడిమిభాగమును రక్షితస్థలముగ నిర్ణయించి, 1932లో జాతీయవనముగ ప్రకటించిన ఆ ప్రభుత్వమే, డబ్బు కఱవై, 1924లో తక్కిన యడవిని నఱకుటకు ఒక ఆంగ్లేయ కలప కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. ఆ కంపెనీ నఱకిన తీరు చూచి సహింపజాలక 1929లో ఆ ఒడంబడికను విడగొట్టుకొనవలసి వచ్చెను. స్వాతంత్ర్యము రాగానే అడవులకు స్వాతంత్ర్యము రాదని ఈ యుదాహరణము. రెండవ యుద్ధమున గోరింగు ఆ యడవిని నాజీల మహావేటవనముగ చేయదలచెను, 1941 వేసవిలో పల్లెలు కాల్చి జనులను వెడలగొట్టిరి, యూదులను చంపిరి. వేటకు మృగములు కావలెను, మనుష్యులు వలదు. యుద్ధానంతరము సరిహద్దు అడవి నడుమగుండ పడెను. తూర్పుభాగములోని విస్కులి వేటగృహముననే 1991 డిసెంబరు 8న సోవియెట్టు సమాఖ్యను రద్దుచేయు పత్రముపై ముగ్గురు నాయకులు సంతకములు చేసిరి. వేటగృహములలో జంతువులే గాక సామ్రాజ్యములును కూలుననుటకు ఇదొక నిదర్శనము.

ఇక 2016వ సంవత్సరపు తగవునకు వత్తము. బెరడుపురుగు స్ప్రూసులను చంపుచున్నదని చెప్పి, పోలండు పరిసరశాఖామంత్రి యాన్ షిష్కో, బియావోవియెజా అటవీవిభాగమున పదియేండ్లకు 63,000 ఘనపు మీటర్లుగ నున్న నఱకుడు పరిమితిని 1,88,000కు పెంచెను. పురుగుపట్టిన చెట్టును తీసివేయకున్న అడవియంతయు చచ్చునని ఆయన వాదము. మన తోటలలో పురుగుపట్టిన కొమ్మను కోసివేయు రైతునకు ఈ మాట సహజముగనే తోచును. కాని తోటకొక యజమానుడు, ఒక పంట కలవు, అడవికి లేవు. ఆ పురుగు అచ్చట వేలయేండ్లుగ నున్నదే. ఎండలు ముదిరిన కొన్నియేండ్లకొకసారి విజృంభించి పిదప తగ్గును. మూడువ్రేళ్ల వడ్రంగిపిట్ట దానిని తినియే బ్రతుకును. చచ్చిన స్ప్రూసు సందున వెలుతురు పడి హార్నుబీము, లిండెను లేచును. ఒక్కొక్క యంత్రము దినమునకు వందలకొలది చెట్లను నఱకి, కొమ్మలు చెక్కి, తుంటలు చేయుచుండగా, యువజనులు యంత్రములకు తమ్ము గొలుసులతో కట్టుకొని అడ్డుపడిరి. 2017 జూలైలో యూరపు న్యాయస్థానము ఆపుమని ఉత్తరువిచ్చెను. అయినను నఱకుట ఆగలేదు. నవంబరులో దినమునకు లక్ష యూరోలకు తగ్గని జుల్మానా విధింతుమని హెచ్చరించెను. 2018 జనవరిలో మంత్రి పదవి పోయెను. ఏప్రిలు 17న తీర్పు వచ్చెను: ఆ నఱకుడు యూరపు శాసనములకు విరుద్ధము.

తీర్పును మేము మెచ్చుకొనుచున్నాము. అయితే అడవి అంచున నివసించువారి మాటయు వినవలెను. ఆ పల్లెలలో పలువురు నఱకుటనే కోరిరి. వారి తండ్రితాతలు ఱంపపు మిల్లులలో పని చేసినవారు. చలికాలమున వంటచెఱకు వారికి అవసరము. వార్సాలో కూర్చున్న పండితులు తమ యడవిని గాజుపెట్టెలో పెట్టుచున్నారని వారి కోపము. పోలండు శాసనముప్రకారము స్థానిక స్వపరిపాలనా సంఘముల సమ్మతి లేనిదే జాతీయవనమును విస్తరింపరాదు. ఆ సమ్మతి రాలేదు. అందుచే నేటికిని జాతీయవనము 105 చదరపు కిలోమీటర్లు, అనగా పోలండు భాగములో ఆఱవవంతు మాత్రమే. స్వపరిపాలనకై జీవితములర్పించిన తరమునకు వారసులమైన మనము ఆ పల్లెవారిని మూర్ఖులని తిట్టి ఊరకుండజాలము.

ఈ తగవు మన యింటిది కూడ. 1864లో ఇండియా అడవులకు మొదటి ఇన్స్పెక్టరు జనరలుగ వచ్చిన బ్రాండిసు జర్మనీదేశస్థుడు. అడవిని కలపరాబడిగ లెక్కించు జర్మను శాస్త్రము ఆయన వెంట మన దేశమునకు వచ్చెను. 1882 మద్రాసు అడవిచట్టము మన్యమువాని పోడును, రైతు పశువుల మేతను నేరముగ మార్చెను. పుల్లరి కట్టుమన్నందులకే పలనాడు తిరుగబడెను. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరిగెను. ఆ యేడే అల్లూరి సీతారామరాజు రంప మన్యమును లేపెను. అడవిని కాపాడుచున్నామని చెప్పిన దొరతనమే ఓడలకు, రైలుపట్టాల దిమ్మెలకు దానిని నఱకినది. కావున అడవిరక్షణ మనగానే మన పల్లెవాడు శంకించుట సహజము. బియావోవియెజా పల్లెవానికిని అదే శంక. వానికి శాస్త్రము చెప్పినంతమాత్రమున చాలదు. నిలిచిన అడవివలన వాని పొయ్యి వెలుగు మార్గము చూపవలెను. ఇప్పుడు జుబ్రులను, ముసలి ఓకులను చూడవచ్చు యాత్రికులవలన కొందఱికి ఆ మార్గము కొంత దొరకినది, అందఱికిని దొరకలేదు.

ఇంతలో ప్రకృతియే మాఱుచున్నది. చలిదేశపు చెట్టైన స్ప్రూసునకు అచ్చట ఎండలు హెచ్చి, మంచు తగ్గి, భూగర్భజలము దిగుచుండగా నిలుచుట కష్టమగుచున్నది. బెరడుపురుగు నెపము మాత్రమే. దాహముతో నున్న చెట్టు బంక యూరింపజాలక పురుగునకు లొంగిపోవుచున్నది. 1990ల నుండి పోలండులో ఒక బూజురోగము యాషు చెట్లను చంపుచున్నది. అది తూర్పు ఆసియానుండి వచ్చినది. ఆ చోటులను హార్నుబీమును లిండెనును ఆక్రమించుచున్నవి. అడవి యుండును గాని మన మెఱిగిన అడవి కాదు. దానిని ఱంపముతో సరిదిద్దుదుమనువారికి ఏ చెట్టు నాటవలెనో తెలియునా? తనంతట తాను ఏ చెట్టును ఎన్నుకొనునో చూచుటకు ఐరోపా మైదానమున మిగిలిన చోటు ఇదియే.

న్యాయస్థానము యంత్రములను వెడలగొట్టిన నాలుగేండ్లకు ఉక్కుగోడ వచ్చెను. 2021లో బెలారుసుమీదుగ వచ్చు శరణార్థులు ఆ యడవులలో చిక్కి చలికి, ఆకలికి కొందఱు చచ్చిరి. వారిని నిలుపుటకై పోలండు ప్రభుత్వము 186 కిలోమీటర్ల పొడవున, అయిదున్నర మీటర్ల ఎత్తున సరిహద్దుగోడ కట్టి 2022లో ముగించెను. అది అరణ్యము నడుమగుండ పోవుచున్నది. 1980లలో సోవియెట్టువారు వేసిన కంచెయే అదివఱకు జుబ్రుల మందను రెండుగ చీల్చియుండెను. ఇప్పుడు పెద్ద జంతువులకు మిగిలిన సందులును మూసికొనుచున్నవి. లింక్సు అను పిల్లిజాతి జంతువు అసలే ఆ యడవిలో కొలదిగ నున్నది. దాని జోడు గోడకు అవతల నున్నచో, పాస్‌పోర్టు చూపి దాటుట దానికి తెలియదు.